మంచి కేసు

మా నాన్న పనిచేసే రంగుల షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరికైనా మొదటిసారి మూత్రం ఎర్రగా వస్తే వాడు ఆ రోజు అందరికీ టీ పోయించాలి. దాన్ని వాళ్లు "రంగు పడటం" అంటారు. పొడులు కలిపి, మోచేతుల దాకా తొట్టిలో ముంచి నూలు తిప్పేవాళ్లకు ఆ రంగు ఒంట్లోకి ఇంకుతుందనీ, అదే అటునుంచి బయటికొస్తుందనీ వాళ్ల నమ్మకం. రంగు పడినవాడే అసలైన పనివాడట. భుజాలు తట్టి, ఈలలు వేసి మరీ టీ తాగుతారు.

నీలం తొట్టి మీద పనిచేసేవాడికి నీలంగా, పచ్చ తొట్టి వాడికి పచ్చగా ఎందుకు రాదో, అందరికీ ఎరుపే ఎందుకు వస్తుందో అంతమంది మగవాళ్లలో ఒక్కరికీ తోచలేదు. పసుపు సంగతి వదిలేద్దాం, అది అందరికీ వస్తుంది.

నాన్నకు రంగు పడిన రోజు ఇంటికి రాగానే అమ్మతో చెప్పాడు. జీతం పెరిగినవాడి గొంతులా ఉంది ఆ గొంతు.

"ఏమే, నాకూ పడింది."

"ఇన్నాళ్లకా! మీకన్నా వెనక చేరినవాళ్లకు ఎప్పుడో పడింది కదా" అంది అమ్మ.

నేను పక్కగదిలో లెక్కల పుస్తకం ముందు కూర్చుని విన్నాను. వీళ్లిద్దరికీ పుట్టినందుకు నాకు సిగ్గేసింది.

ఆ రోజు మా ఇంట్లో అన్నయ్య కూడా ఉన్నాడు. పెదనాన్న కొడుకు. డాక్టరు చదువు ఆఖరి సంవత్సరం. ఇంకా డాక్టరు కాలేదు గానీ మా చుట్టాల్లో ఆ తేడా తెలిసినవాళ్లు లేరు, వాడు చెప్పనూ లేదు. మెడలో స్టెతస్కోపు వేసుకునే బస్సు దిగుతాడు. వాళ్లింట్లో గోలగా ఉంటుందని సెలవులకు మా ఇంటికి వచ్చి చదువుకునేవాడు. చదవడమంటే పైకి వల్లించడమే. ముందు గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతూ ఒక్కో వాక్యాన్నీ గోడలకు కూడా నోటికొచ్చేదాకా వల్లిస్తాడు.

"నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే, క్యాన్సర్ కాదని తేలేదాకా అది క్యాన్సరే. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే..."

నాన్న చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. "అబ్బాయ్, నాకు రంగు పడిందిరా."

"రంగేంటి బాబాయ్?"

"మూత్రం ఎర్రగా వచ్చింది."

"మంటా?"

"మంటా లేదు, నొప్పీ లేదు. హాయిగా వచ్చింది."

"ఇన్ఫెక్షన్" అన్నాడు అన్నయ్య. ఎంత తొందరగా అన్నాడంటే, నాన్న ఆ 'హాయిగా' పూర్తి చేసేలోపే మందుల చీటీకి కాగితం వెతుకుతున్నాడు. "నీళ్లు బాగా తాగు. ఈ మాత్రలు వేసుకో. నేను రాశానని షాపువాడితో చెప్పకు." చీటీ రాసిచ్చి, వదిలిన చోటి నుంచే మళ్లీ అందుకున్నాడు. "...క్యాన్సర్ కాదని తేలేదాకా అది క్యాన్సరే."

మంచినీళ్ల గ్లాసు ఇవ్వడానికి వెళ్లి, గుమ్మం పక్కనే నిలబడి అడిగాను. "అన్నయ్యా, నాన్నకు కూడా నొప్పి లేదు కదా?"

"అయితే?"

"నువ్వు చదువుతున్నది..."

"ముందు నువ్వు టెన్త్ పాసవ్వవే తల్లీ" అన్నాడు. గ్లాసు తీసుకుని తాగి ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టాడు. వాడికి ఆ వాక్యం పరీక్ష కాగితం మీద రాయడానికి మాత్రమే కావాలి. ఆ మాటలు మా నాన్నలాంటి మనుషుల గురించి రాసినవని వాడికి ఎవరూ చెప్పలేదు కాబోలు.

మాత్రలు వేసుకున్నాక ఎరుపు పోయింది. అన్నయ్య కాలర్ ఎగరేశాడు. షెడ్డువాళ్లు రంగు కడుక్కుపోయిందన్నారు. కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. ఫోన్‌లోనే మళ్లీ అవే మాత్రలు. మళ్లీ పోయింది. "చూశావా బాబాయ్, నా చెయ్యి పడితే అంతే" అన్నాడు. ఆ రక్తం మాత్రలు వేసుకున్నా వేసుకోకపోయినా తనంతట తనే ఆగుతుందని, తనకు తోచినప్పుడు మళ్లీ వస్తుందని నాకు తర్వాత తెలిసింది. అది అన్నయ్యకు ముందే తెలియాలి. వాడి పుస్తకంలో ఆ పేజీ కూడా ఉంటుంది.

మూడోసారి ఎరుపుతో పాటు నెత్తురు గడ్డలు పడ్డాయి. ఒక పూటంతా మూత్రం రాక నాన్న గోడ పట్టుకుని నిలబడిపోయాడు. అప్పుడు టీ గురించి ఎవరూ మాట్లాడలేదు. అన్నయ్య చదివే ఆసుపత్రికే తీసుకెళ్లాం. అమ్మ పని మానితే ఆ పని ఇంకొకరికి పోతుంది కాబట్టి నాన్న దగ్గర నేను ఉండాల్సి వచ్చింది.

అన్నయ్య పరుగున వచ్చాడు. స్నేహితుడైన జూనియర్ డాక్టరుతో నవ్వుతూ ఏదో మాట్లాడి మంచం ఇప్పించాడు. మా బంధువులందరూ ఈ మంచం సంగతి నెల రోజులు చెప్పుకున్నారు. ఆ మాట్లాడిన 'ఏదో' ఏమిటో పక్కనే నిలబడిన నాకు మాత్రమే తెలుసు. "మా బాబాయికి ఇదే మొదటిసారి రా. ఇన్ఫెక్షనే అయ్యుంటుంది" అన్నాడు. జూనియర్ డాక్టరు అదే రాసుకున్నాడు. మూత్రం పరీక్షలో చీము కణాలు కూడా కొన్ని కనిపించాయట. ఇంక అడిగేదేముంది? గొట్టం వేసి కడిగారు, సెలైన్ ఎక్కించారు. రక్తం ఎప్పటిలాగే తనంతట తను ఆగింది.

తర్వాత అన్నయ్య మంచం మీద కూర్చుని గొంతు తగ్గించాడు. "బాబాయ్, ఎవరడిగినా ఇదే మొదటిసారి అని చెప్పు. ఇంతకుముందు మాత్రలు వేసుకున్నట్టు అనకు. డిగ్రీ చేతికి రాకుండా మందులు రాశానని తెలిస్తే నన్ను పరీక్షకు కూర్చోనివ్వరు."

"అయ్యో, అంతమాటా. నేనెందుకు చెబుతానురా" అన్నాడు నాన్న.

"నువ్వు కూడా" అన్నాడు నాతో. అంతలోనే నవ్వాడు. "నీకు చెప్పక్కర్లేదులే. నీ నోట్లో నాలుకుందో లేదో చూసినవాళ్లే లేరు."

పక్క మంచం మీద ఒక తాత ఉండేవాడు. ఆయన కిడ్నీలు ఎప్పుడో పనిచేయడం మానేశాయి. వారానికి రెండుసార్లు మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఆ వార్డు ఆయనకు సొంత ఇల్లు, నర్సులు కోడళ్లు. అన్నయ్య వెళ్లాక ఆయన నాన్న వైపు తిరిగాడు.

"మూత్రంలో రక్తమంటే లోపలికి కెమెరా పెట్టి చూస్తారు కదయ్యా. ఈ వరసలో అందరికీ పెట్టారు. నీకు పెట్టలేదేం?"

"నాది ఇన్ఫెక్షనే కదా తాతా."

"ఎవరన్నారు?"

"మా అన్న కొడుకు. డాక్టరు."

"ఏ డాక్టరు? ఇందాక వచ్చిన ఆ పిల్లాడా? నిన్నగాక మొన్న నా బీపీ చూడ్డానికి వచ్చి పట్టా మోకాలికి కట్టబోయాడు."

మరునాడు కెమెరా సంగతి అన్నయ్యను అడిగాను. "ఇదేమన్నా ఫోటో స్టూడియోనా? మొదటిసారి వచ్చిన ఇన్ఫెక్షన్‌కి కెమెరా పెట్టరు. పరీక్షలవగానే మాత్రలు రాసి పంపించేస్తారు, ఇంటికి పోవచ్చు" అన్నాడు. మొదటిసారి అని చెప్పింది తనే. ఇప్పుడు దానికే సాక్ష్యంగా ఆ మాటనే చూపిస్తున్నాడు. వాడి అబద్ధాన్ని వాడే నమ్మేసినట్టున్నాడు, అదీ తెలివే అనుకోవాలి.

పరీక్షలంటే విద్యార్థులవి. రోగి పక్కన కూర్చుని, అడిగి, తాకి చూసి, జబ్బేమిటో ఎగ్జామినర్‌కు చెప్పాలి. దానికి రోగులు కావాలి. కదలకుండా పడుకునేవాడు, విసుక్కోకుండా జవాబిచ్చేవాడు, పరీక్ష అయ్యేలోపు చచ్చిపోనివాడు కావాలి. అలాంటివాణ్ణి వాళ్లు మంచి కేసు అంటారు. పెద్ద డాక్టరు రౌండ్స్‌లో నాన్న ముందు ఆగి కాగితం చూశారు. నాన్న మొహం చూడలేదు. "మంచి కేసు. పరీక్షకు ఉంచండి" అన్నారు.

ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి నాన్న ఇదే చెప్పాడు. "పెద్దాయనే అన్నారే, నేను మంచి కేసట." రంగు పడిన రోజు గొంతే.

తాత ఎన్నో పరీక్షలు చూసిన కేసు. నాన్నకు ఆయనే శిక్షణ ఇచ్చాడు. "వాళ్లు నిన్నేమీ అడగరు. 'నీకేం జబ్బన్నారు?' అంటారు. చెప్పెయ్. వాళ్ల బతుకు వాళ్లది. మర్యాదగా అడిగితేనే సుమా. పోయిన ఏడాది ఒకడు 'ఏయ్ ముసలోడా, లే' అన్నాడు. నాకు అపెండిక్స్ అని చెప్పాను. వాడు లోపలికెళ్లి అపెండిక్స్ గురించి దంచేశాడు."

"పాసయ్యాడా?"

"వాడి నాన్న నాకు ఫోన్ చేసి తిట్టాడు. దాన్నిబట్టి నువ్వే తెలుసుకో."

పరీక్షకు ముందు రోజుల్లో సాధన చేసుకోడానికి గుంపులు గుంపులుగా వచ్చారు. ఒకమ్మాయి నాన్న చేతులు చూసి ముక్కు మూసుకుంది. గోళ్ల చుట్టూ ఎరుపు, గీతల్లో నీలం, మోచేతి దగ్గర గట్టు కట్టినట్టు ఆగిన ఆకుపచ్చ. "సిస్టర్, ఈయన చేతులు కడిగించండి, దుప్పటికి అంటుతోంది" అంది. నాన్న సబ్బు పెట్టి రుద్దాడు, రుద్ది రుద్ది తోలు లేపుకున్నాడు. రంగు పోలేదు. అన్నిరోజులూ అంతమంది ఆ చేతుల నాడి పట్టుకున్నారు. ఇవి ఇలా ఎందుకున్నాయని ఒక్కరూ అడగలేదు.

పరీక్ష రోజు నాన్నకు ఒక చెవి సరిగా వినపడదని నన్ను మంచం దగ్గర ఉండనిచ్చారు. అన్నయ్య పరీక్ష వేరే రోజు. అయినా ఉదయం నుంచీ తలుపు దగ్గరే తిరుగుతున్నాడు.

మొదట ఒక నున్నటి జుట్టువాడు వచ్చాడు. ఇస్త్రీ మడత కూడా చెదరకుండా కూర్చున్నాడు. "బాబాయ్, ఏమన్నారు నీకు?"

"ఇన్ఫెక్షన్ బాబూ. మొదటిసారి."

"సూపర్" అన్నాడు. మిగతా టైమంతా గోళ్లు చూసుకున్నాడు. ఎగ్జామినర్ రాగానే గడగడా అప్పజెప్పాడు. మంట ఉందన్నాడు, జ్వరం ఉందన్నాడు. లేని జ్వరానికి డిగ్రీలు కూడా చెప్పాడు. "ఈయన ఏం పనిచేస్తాడు?" అని అడిగితే, "కూలీ సార్" అన్నాడు. ఎగ్జామినర్ బయటి ఊరి నుంచి వచ్చిన మనిషి. కళ్లజోడు తుడుచుకుంటూ "గుడ్" అన్నారు.

తర్వాత వచ్చినామెను తోటివాళ్లు 'నత్త' అంటారు. ఏ రోగి దగ్గర కూర్చున్నా మొదటి నుంచి మొదలుపెడుతుందని, సగంలోనే టైమైపోతుందని తాత చెప్పాడు. చెప్పులు కీచుమంటున్నాయి, పెన్ను కారి జేబు దగ్గర మరక పడింది. చూడగానే ఈవిడ తప్పడం ఖాయమనుకున్నాను.

"నీకేం జబ్బో నాకు చెప్పకు బాబాయ్" అంది కూర్చుంటూనే. నాన్న నోరు తెరిచినవాడు మూసుకున్నాడు. "ఈ చేతులేంటి ఇలా ఉన్నాయి?"

నాన్న చేతులు దుప్పటి కిందికి తోసేశాడు. "కడిగానమ్మా. పోవు."

"దాచుకోమని అడగలేదు. ఏం పని?"

"రంగుల పని. నూలు అద్దకం."

"ఎన్నాళ్ల నుంచి?"

"పెళ్లికాక ముందు నుంచి."

"పొడి చేత్తోనే కలుపుతారా? మూతికి గుడ్డ ఏమన్నా కట్టుకుంటారా?"

నాన్న నవ్వాడు. "మూతికి గుడ్డ కడితే బీడీ ఎలా కాలుస్తామమ్మా?"

ఆమె నవ్వలేదు, రాసుకుంది. నొప్పి ఉందా అంటే, "నొప్పే ఉంటే ఎప్పుడో వచ్చేవాణ్ణి కదమ్మా" అన్నాడు నాన్న. ఆమె పెన్ను ఆగింది. షెడ్డులో ఇంకెవరికైనా ఇలా అయిందా అని అడిగింది. నాన్నకు హుషారొచ్చింది. టీ సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు, ఈల కూడా వేయబోయాడు.

"టీ పోయించినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు?" అంది ఆమె.

"ఎక్కడంటే... పాత మేస్త్రి పోయాడు. ఆయన చిక్కిపోయి, వేరే జబ్బేదో వచ్చి. తర్వాత పొడుగాయన." నాన్న ఆగాడు. గట్టిగా ఆలోచించాడు. "ఆయనా లేడు."

"నువ్వు పోయించావా?"

నాన్న తలుపు వైపు చూశాడు. అన్నయ్య అక్కడే ఉన్నాడు, తల అడ్డంగా ఊపుతున్నాడు. "లేదమ్మా" అన్నాడు నాన్న. జీవితంలో ఆయన గొప్పగా చెప్పుకున్నది ఆ ఒక్క టీ. దాన్ని కూడా ఆ వెధవ కోసం వదులుకున్నాడు.

అంతలో ఎగ్జామినర్ వచ్చేశారు. నత్త ఇంకా నాన్న పొట్ట మీద చెయ్యైనా వేయలేదు. నిలబడి ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. క్యాన్సర్ అన్న మాట ఏ భాషలో చెప్పినా ఒకలాగే వినపడుతుంది. నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

ఎగ్జామినర్ కాగితం తిరగేశారు. ఇక్కడ మొదటిసారి అని ఉంది, చీము కణాలున్నాయి, వైద్యానికి తగ్గింది, ఇందులో నీకు క్యాన్సర్ ఎక్కడ కనిపించిందమ్మా అన్నారు. ఆమె రంగుల గురించి చెప్పబోయి తడబడింది. ఆయన నాన్న వైపు వంగి తెలుగులో అడిగారు. "ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా వచ్చిందా?"

"లేదు సార్. ఇదే మొదటిసారి."

"విన్నావా?" అన్నారు ఆమెతో. పెన్ను మూత తీశారు.

ఆ పెన్ను కాగితం మీద పడితే అయిపోయినట్టే. నాన్న మాత్రలు పట్టుకుని ఇంటికొస్తాడు, ఎరుపు పోతుంది, అన్నయ్య కాలర్ ఎగరేస్తాడు, నాన్న తొట్టి దగ్గరికి వెళ్తాడు. ఆ తర్వాత పాత మేస్త్రి, పొడుగాయన, నాన్న. నా నాలుక నిజంగానే లేనట్టయింది.

"మూడోసారి" అన్నాను.

నాకే వినపడలేదు. అందుకని మళ్లీ అన్నాను, ఈసారి వార్డంతా తిరిగి చూసేంత గట్టిగా. "మూడోసారి సార్. నాన్న టీ కూడా పోయించాడు."

"ఏమే!" అన్నాడు నాన్న.

"మొదటి రెండుసార్లూ ఎవరికి చూపించారు?" అన్నారు ఎగ్జామినర్.

తలుపు దగ్గర చూశాను. అక్కడ ఎవరూ లేరు. "మా ఇంట్లోనే ఒక డాక్టరున్నాడు సార్. నొప్పి లేకుండా రక్తం పడితే ఏమిటో చాలా బాగా వల్లిస్తాడు."

పక్క మంచం మీద తాత నవ్వి నవ్వి దగ్గాడు. ఎగ్జామినర్ నవ్వలేదు. పెద్ద డాక్టరును పక్కకు పిలిచారు. పెద్ద డాక్టరు "రేపు కెమెరా పెడదామనే అనుకుంటున్నాం" అన్నారు. ఆయన అబద్ధం అన్నయ్య అబద్ధం కంటే శుభ్రంగా, ఇస్త్రీ చేసినట్టు ఉంది. పెద్దరికమంటే అదే కాబోలు.

మర్నాడు కెమెరా పెట్టారు. మూత్రసంచిలో క్యాన్సర్ గడ్డ ఉంది. లోపలి నుంచే గీకి తీసేశారు. ఇంకా కండలోకి దిగలేదన్నారు, ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే దిగేదన్నారు. కొన్నాళ్లు సంచిలోకి మందు ఎక్కించాలి, బతికినంతకాలం వచ్చి చూపించుకుంటూ ఉండాలి. ఆ విషయం, రంగు పొడులు ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే ఇలాంటి గడ్డ వస్తుందన్న విషయం నాన్నకు నత్త చెప్పింది. మొదటి నుంచి మొదలుపెట్టి, అర్థమయ్యేదాకా.

తర్వాత తెలిసింది, నున్నటి జుట్టువాడు పాసయ్యాడు. నత్త తప్పింది. రోగిని తాకి చూడటం పూర్తి చేయలేదట, టైము సరిగా వాడుకోలేదట. జబ్బు కనిపెట్టడానికి మార్కుల్లేవు కాబోలు. అన్నయ్య కూడా పాసయ్యాడు. మందులు రాసిన సంగతి ఎవరూ పైకి లాగలేదు, పెద్ద డాక్టరుకూ అదే మంచిదనిపించి ఉంటుంది. ఇప్పుడు చుట్టాలందరికీ వాడు చెప్పే కథ వేరే. "నాకు మొదట్నుంచీ అనుమానమే. అందుకే పట్టుబట్టి ఆసుపత్రిలో ఉంచాను." పెదనాన్న నన్ను చూసినప్పుడల్లా "నోరున్న పిల్ల" అంటాడు. అది తిట్టనుకుంటున్నాడు పాపం.

నాన్న ఆ పని మానేశాక, షెడ్డులో మిగిలిపోయిన సామాను తెచ్చుకోడానికి ఇద్దరం వెళ్లాం. మేం వెళ్లేసరికి లోపల ఈలలు. బాయిలర్ దగ్గర పనిచేసే మామకు పొద్దున్నే రంగు పడిందట. ఆయన ముసిముసిగా నవ్వుతూ గ్లాసుల్లో టీ పోస్తున్నాడు.

"రావయ్యా మంచి కేసూ!" అని అందరూ అరిచారు. నాన్న చేతిలో ఒక గ్లాసు, నా చేతిలో ఒకటి పెట్టారు. నాన్న అలవాటుగా గ్లాసు పెదాల దాకా తెచ్చాడు. ఇంత జరిగాక కూడా తాగేస్తాడా అని నేను చూస్తూ నిలబడ్డాను. తాగితే ఇంక ఆయనతో మాట్లాడకూడదనుకున్నాను.

గ్లాసు అక్కడే ఆగింది.

"నొప్పుందా?" అని అడిగాడు బాయిలర్ మామను.

"నొప్పెందుకుంటుందయ్యా? రంగు కదా."

నాన్న గ్లాసు గట్టు మీద పెట్టి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "నడు."

"ఎక్కడికి?"

"ఆసుపత్రికి. దారిలో చెబుతాను. అక్కడ ఎవరడిగినా మొదటిసారి అని మాత్రం అనకు."

"నాకు నిజంగా మొదటిసారే కదయ్యా."

"అయినా సరే, కెమెరా పెట్టేదాకా లేచి రాకు."

వెనక ఒకటే నవ్వులు. పెద్దాసుపత్రికి వెళ్లొచ్చి పెద్ద డాక్టరైపోయాడన్నారు. బాయిలర్ మామ చెయ్యి విడిపించుకోబోతుంటే నేనూ నా గ్లాసు గట్టు మీద పెట్టి రెండో చెయ్యి పట్టుకున్నాను. గేటు దాటుతూ వెనక్కి చూశాను. గట్టు మీద మేం వదిలేసిన గ్లాసులు రెండూ అప్పుడే ఎవరో తాగేస్తున్నారు.